వాలిన వెనక చక్రం

మా అన్నయ్య అప్పన్న కారు కిందికి వెళ్ళి తలెత్తి చూడవలసిన రోజు ఒకటి వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. కారంటే నాకు ఎక్కి కూర్చునేది, దిగి తలుపు వేసేది. అంతకుమించి దానితో చుట్టరికం లేదు. చీపురుపల్లి హైస్కూల్లో తెలుగు చెప్పి, రిటైరై, ఇక్కడే ఇల్లు కట్టుకుని ఉండిపోయినవాణ్ణి. అన్నయ్య సంవత్సరీకం అయిన మర్నాడు, నౌపడ దగ్గర మా ఊళ్ళో, వదిన నన్ను పెరట్లోకి పిలిచింది. "ఊరికే పాకలో పడి తుప్పట్టిపోతంది బాబూ. నువ్వు మెల్లగా తోలుకుపోయి, ముందు మేస్త్రీకి సూపించి తిప్పుకో. ఆయన బండిని ఎవుడికో అమ్మీడానికి నాకు మనసొప్పట్నేదు" అంది. కాదనలేకపోయాను. తీరా రోడ్డెక్కాక చూస్తే, మలుపు తిరిగినప్పుడల్లా దాని వెనక భాగం నా మాట వినకుండా పక్కకి జరుగుతోంది. ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని ఇల్లు చేరి, మర్నాడు పొద్దున్నే మేస్త్రీ సూరిబాబు షెడ్డుకి తోలుకెళ్ళాను.

అది నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందే రకం పాత కారు. గరివిడి ఫ్యాక్టరీలో పెద్ద ఉద్యోగం చేసి వెళ్ళిపోతున్న ఒకాయన దగ్గర అన్నయ్య కొన్నాడు. మా ఊరి ఉప్పుమళ్ళ గట్ల మీద వానాకాలం మామూలు బళ్ళు కూరుకుపోతాయి, ఇదైతే నాలుగు కాళ్ళతోనూ పాకి వచ్చేస్తుందని వాడి సంబరం. సూరిబాబు కాసేపు దాని చుట్టూ తిరిగి చూసి, వెనక నిలబడి నన్ను పిలిచాడు.

"మాస్టారూ, ఇలగొచ్చి సూడండి. కుడి సక్రం నిటారుగా ఉన్నాది కదా. ఎడమది సూడండి, పైన లోపలికి ఒరిగిపోనాది. దీన్నే కేంబరంటారండి. కాస్త వాలు ఉండాల, అది కంపెనీవోడే పెడతాడు. ఇది శానా ఎక్కువైపోనాది. టైరు పైకి బాగానే కనబడతాది గానీ, లోపలంచు తడిమి సూడండోసారి."

తడిమాను. అక్కడ రబ్బరు లేదు. సన్నటి తీగలు వేలికి గుచ్చుకున్నాయి.

తరవాత కారుని ఎత్తులో పెట్టి కిందికి రమ్మన్నాడు. చక్రాన్ని పట్టుకుని ఉండే ఇనప చేతులకీ బండికీ మధ్య రబ్బరు బుష్షులుంటాయట. అవి గట్టిగా ఉన్నంతకాలం చక్రం తన చోట తాను నిలబడుతుంది. సూరిబాబు ఎడమ పక్క బుష్షుని స్క్రూడ్రైవరుతో నొక్కితే అది నానబెట్టిన శనగలా మెత్తగా దిగింది. "కుడేపువి ఎండి పగిలినాయండి, వయసుకి అది మామూలే. ఇయి ఉబ్బిపోనాయి. ఎవులో గ్రీజు పూసీవోరు మాస్టారూ. ఒకసారీ రెండుసార్లూ కాదు, ఏళ్ళ తరబడి పూసీసినారు. రబ్బరుకి గ్రీజు పడదండి, తినేస్తాది" అన్నాడు.

నా వేళ్ళకి అంటిన ఆ నల్లటి జిడ్డు చూస్తూ నిలబడిపోయాను. ఎవరు పూశారో అతనికి తెలియదు. నాకు తెలుసు. మా పాకలో కారుని కుడివైపు గోడకి ఆనించినట్టు పెట్టేవారు; అటు మనిషి దూరడానికి సందు లేదు. ఎడమ పక్కన గోనెసంచి పరుచుకుని కూర్చుని, చక్రం వెనక్కి చెయ్యి దూర్చి, ప్రతి శుక్రవారం పూజకంటే ముందే ఆ పని చేసిన మనిషి మా నాన్న.

ఇది అర్థం కావాలంటే మా ఇంట్లో ఉప్పు ఎలా ఉండేదో చెప్పాలి. మాకు వరిపొలం కొద్దిగా ఉండేది, అది తిండికి. మిగతా బతుకంతా నాన్న ఎడ్లబండి మీదే. ఉప్పుమళ్ళ దగ్గర్నుంచి స్టేషనుకి బస్తాలు తోలేవాడు. ఉప్పు గాలికి మా ఇంట్లో ఇనుమన్నది నిలిచేది కాదు. తలుపు గొళ్ళేలు, బావి చట్రం కప్పీ, అమ్మ కత్తిపీట, అన్నీ ఎర్రగా పొక్కులెక్కి రాలేవి. ఆరేసిన బట్టలు కూడా పూర్తిగా ఆరినట్టుండేవి కావు. అలాంటి చోట బండి ఇరుసుని కాపాడుకోవడం అంటే పసిపిల్లని సాకినంత పని. పొద్దుగూకే వేళ నాన్న ఎడ్లని విప్పి, కుడితి పెట్టి, తాను కాళ్ళు కూడా కడుక్కోకుండా బండి దగ్గరికి వచ్చేవాడు. కర్ర పోటు పెట్టి బండిని లేపి, శీల లాగి, చక్రాన్ని ఇరుసు మీద ఇవతలికి జరిపి, మంచినీళ్ళతో ఉప్పంతా కడిగి, గుడ్డతో తుడిచి, అప్పుడు కందెన పెట్టేవాడు.

ఆ కందెన ఇంట్లోనే తయారయ్యేది. వరిగడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి మెత్తగా నూరడం అన్నయ్య పని, గడ్డి కాల్చడం నా పని. కాలిన గడ్డీ, ఆముదమూ, ఎడ్ల చెమటా కలిసిన ఆ వాసన మా సాయంకాలాల వాసన. నాన్న అన్నం ముద్ద కలుపుతుంటే కూడా అదే వచ్చేది. అమ్మ ముక్కు చిట్లించి, "ఆ సేతుల్తోటే పప్పు కలుపుకుంతన్నావు, మాకు ఆముదం పెడతన్నట్టున్నాది" అని సతాయించేది. "కందెన లేని సెయ్యి సెయ్యేటే?" అని నాన్న నవ్వేవాడు. పెద్దగా నవ్వే మనిషి కాదు. ఆ ఒక్క మాటకే నవ్వేవాడు.

చక్రం ఏడవకూడదు. అది మా ఇంటి శాసనం. ఎవరి బండైనా వీధిలో కీచుమంటూ పోతే నాన్నకి ఒళ్ళు మండిపోయేది. "ఒరే! ఏడుస్తన్నాదిరా నీ బండి! ఇనబడట్లేదేటి నీకు?" అని అరిచి, ఆ బండి ఆపించి, తన కందెనే తీసుకెళ్ళి తానే పూసి పంపేవాడు. బండివాళ్ళు కొందరు కావాలనే మా వీధి గుండా వచ్చేవారని అమ్మ గొణిగేది. నాకు అప్పట్లో నాన్న మీద ఎంత గర్వమో చెప్పలేను. తిరిగేదేదైనా, కదిలేదేదైనా, దానికి చమురు పెట్టడమే దాన్ని ప్రేమగా చూసుకోవడం అని ఆయన చేతుల్ని చూసే నేర్చుకున్నాం. మంచి అంటే చమురు పెట్టడం. అంతకంటే వేరే మంచి ఉంటుందని మాలో ఎవరికీ తట్టలేదు.

లారీలు వచ్చాయి. ఉప్పు బస్తాలు లారీలెక్కాయి. నాన్న చాలాకాలం మొండిగా లాక్కొచ్చి, చివరికి ఎడ్లని అమ్మేశాడు. బండిని కొన్నాళ్ళు పాకలో ఉంచి, అదీ ఇచ్చేశాడు. ఆ తరవాత అమ్మ పోయింది. నేను ఉద్యోగం పేరు చెప్పి చీపురుపల్లిలో ఉన్నాను గనక ఆ రోజుల్ని దగ్గరుండి చూసింది అన్నయ్యా వదినే. నాన్న పొద్దస్తమానం అరుగు మీద కూర్చుని చేతులు తొడల మీద పెట్టుకుని వాటివైపే చూస్తూ ఉండేవాడట. తిండి తగ్గించేశాడు. పలకరిస్తే "ఆఁ" అనేవాడు. అన్నయ్య ఫోన్లో నాతో, "నాన్న మన దగ్గర ఉన్నాడు గానీ నేడురా" అన్నాడొకసారి. సరిగ్గా అప్పుడే ఈ కారు వచ్చింది. వచ్చిన వారానికే నాన్న అరుగు దిగి పాకలోకి వెళ్ళి, వంగి, చక్రం వెనక చెయ్యి పెట్టి చూశాడట. "దీన్ని ఎవుడూ సూసుకున్నట్టు నేదు. ఎండిపోయున్నాది" అని, ఊళ్ళో సైకిల్ షాపు నుంచి గ్రీజు డబ్బా తెప్పించుకున్నాడు. ఆ రాత్రి కడుపునిండా అన్నం తిన్నాడని వదిన చెప్పింది. అన్నయ్య నాకు ఫోన్ చేసి ఆ సంగతి చెబుతూ చిన్నపిల్లాడిలా నవ్వాడు.

ఆ తరవాత కొన్నేళ్ళకి ప్రమాదం జరిగింది. వానలో, రైల్వే గేటు దాటాక వచ్చే మలుపులో, కారు వెనక భాగం జారి రోడ్డు పక్క కాలవలోకి దిగిపోయింది. అన్నయ్యకి పెద్దగా ఏమీ కాలేదు. పక్కన కూర్చున్న వదిన కుడి మణికట్టు నలిగిపోయింది. అతికించారు గానీ ఆ చెయ్యి మళ్ళీ పిడికిలి ముడవలేదు. చేట పట్టలేదు, బావిలో చేద తోడలేదు, ఎడం చేత్తో అన్నం తినడం కొత్తగా నేర్చుకుంది. నాన్న అప్పటినుంచీ అన్నయ్యని వదల్లేదు. నేను ఎప్పుడు వెళ్ళినా అదే పాట. "జోరు. జోరే మరి. నాను ఇన్నేళ్ళు ఉప్పు బండి తోలినాను, ఒక్కనాడు గోతిలో దింపినానేటి? ఈడికి బండి మీద ద్యాస నేదు. పెళ్ళాం సెయ్యి ఇరగ్గొట్టినాడు." ఇంటికి ఎవరొచ్చినా వాళ్ళ ముందు చెప్పేవాడు. రైల్వే గేటు దగ్గర టీ కొట్టు బల్ల మీద కూర్చుని ఊరందరికీ చెప్పేవాడు. అన్నయ్య తల వంచుకుని వినేవాడు. నాకు కోపం ఎక్కువని అందరూ అంటారు, నిజమే. రెండుసార్లు నాన్న మీదికి లేచాను. అన్నయ్యే నా భుజం పట్టి కూర్చోబెట్టాడు. "ఒగ్గీరా సత్యం" అన్నాడు. అలా అన్నీ వదిలేస్తూనే వాడు ఒకరోజు గుండె పట్టుకుని పోయాడు. శవం దగ్గర కూడా నాన్న ఏడుస్తూ, "బుద్దిమంతుడే గానీ, బండి దగ్గరే పరాకు" అన్నాడు.

సూరిబాబు పని రెండు రోజులు పట్టింది. వాలు సరిచేసే బోల్టు ఉప్పుకి లోపలే అతుక్కుపోయి తిరగనని మొరాయిస్తే కోసి తీయాల్సి వచ్చింది. కొత్త బుష్షులు, కొత్త బోల్టులు. నాలుగు చక్రాలూ ఒకదానితో ఒకటి ముడిపడి తిరిగే బండి గనక టైర్లు నాలుగూ ఒక్క ఈడువి ఉండాలని వాటినీ మార్చాడు. ఇనప చేతుల బోల్టులు మాత్రం గాల్లో ఉండగా బిగించలేదు. చక్రాల కింద పలకలు పెట్టి, బండి బరువంతా వాటి మీద పడ్డాక, పడుకుని కిందికి దూరి అప్పుడు బిగించాడు. లేకపోతే రబ్బరు మెలి తిరిగే ఉండిపోతుందట. ఆ తరవాత వాలు కొలిచే మెషీను కట్టి, తెర మీద ఎర్రగా ఉన్న అంకెలు పచ్చబడేదాకా కొద్దికొద్దిగా తిప్పాడు. నేను పక్కన కుర్చీలో కూర్చుని ఒకటే ఆలోచిస్తున్నాను. చెబితే తొంభైకి దగ్గరపడ్డ నాన్న నెత్తిన ఈ బరువు వెయ్యాలి. చెప్పకపోతే, పోయిన మా అన్నయ్య ఆ ఊళ్ళో పెళ్ళాం చెయ్యి విరగ్గొట్టినవాడిగానే మిగిలిపోతాడు. వాడి తరఫున ఒక్క మాట మాట్లాడటానికి ఇంతకాలానికి నా చేతికి ఆధారం దొరికింది, దాన్ని వాడుకోవాలో వద్దో తెలియడం లేదు. పాత బుష్షుని కాగితంలో చుట్టి జేబులో వేసుకున్నాను.

కారు ఇప్పుడు గీత గీసినట్టు పోతోంది. దాన్నే తోలుకుని మళ్ళీ మా ఊరు చేరేసరికి నాన్న నిద్రలో ఉన్నాడు. పెరట్లో వదిన ఎడం చేత్తో చింతపండు పిక్కలు తీస్తోంది. నేను పొట్లం విప్పి ఆమె ముందు పెట్టి, మేస్త్రీ చెప్పిందంతా చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

"మీ అన్నకి తెలుసు బాబూ" అంది.

"ఏమిటి తెలుసు?"

"కాలవలోంచి తీసినప్పుడు టెక్కలి మేస్త్రీ ఈ మాటే సెప్పినాడు. నా సేతికి కట్టు, నానూ అక్కడే ఉన్నాను. రబ్బర్లు మార్పించినారు. మల్లీ శుక్రారం మావగారు డబ్బా అట్టుకుని పాకలోకి ఎల్లినారు. ఈయన గుమ్మంలో నిలబడి సూసినారు. నాను సెప్పీమన్నాను. 'ఎలగ సెప్పమంతావే, ఆ డబ్బా లాగీసుకుంటే ఇంక ఆ సేతులకి ఏటి మిగులుతాది' అన్నారు. నీతో కూడా అనొద్దని ఒట్టేయించుకున్నారు. అప్పట్నుంచి ఆ బండిని గట్ల మీదే నడకలాగ తోలీవోరు. రోడ్డెక్కించనేదు."

నేను వాణ్ణి చేతకానివాడనుకున్నాను, తండ్రికి ఎదురు చెప్పలేని పిరికివాడనుకున్నాను. వాడు రోజూ ఆ మాటలు పడుతూ కూర్చున్నది తెలిసే అన్నమాట. ఎంత పిచ్చివాడివిరా అన్నయ్యా అని ఆ చింతపండు రాశి ముందు కూర్చుని ఏడ్చాను. వదిన పిక్కలు తీస్తూనే ఉంది.

చెప్పకూడదనే నిర్ణయించుకున్నాను. వాడు అన్నేళ్ళు దాచినదాన్ని నేను ఒక్క పూటలో బయట పెట్టడం వాడికి ద్రోహం అనిపించింది. కానీ నాన్న లేచి కర్ర పట్టుకుని నేరుగా కారు దగ్గరికి వచ్చాడు. వెనక నిలబడి, ఒక కన్ను మూసి, చక్రాల వాలు చూశాడు. "బాగున్నాది. నిలబడ్డాది. ఏటి సేసినాడు మేస్త్రీ?"

"ఏవో మార్చాడు నాన్నా."

"తీసిన సామానేదీ?"

ఎడ్లబండి రోజుల్లో వడ్రంగి ఏ ముక్క మార్చినా పాతది తెచ్చి నాన్న చేతిలో పెట్టాల్సిందే. పెట్టకపోతే పని జరగనట్టే. ఆ పద్ధతి నాకు గుర్తులేక కాదు, ఈ వయసులో అడగడనుకున్నాను. "అక్కడే పారేశాడు" అన్నాను. నాకు అబద్ధం చెప్పడం రాదు. నాన్న చెయ్యి చాపి అలాగే నిలబడ్డాడు. చివరికి జేబులోంచి తీసి ఇచ్చాను.

బొటనవేలితో నొక్కాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మళ్ళీ నొక్కాడు. చాలాసేపు.

"ఇది ఎడమేపుదేటి?"

"ఊఁ."

"కుడేపుది?"

"అది ఇలా లేదు నాన్నా."

"ఉండదు. నాను అటు పూయనేదు" అన్నాడు. కర్ర మీద రెండు చేతులూ ఆన్చి, "అప్పన్నకి తెలుసేటి ఇది?" అని అడిగాడు.

నేను వదినవైపు చూశాను. మా ఇంట్లో మామగారు కోడలితో నేరుగా మాట్లాడే అలవాటు లేదు. ఏం కావాలన్నా గోడతో అన్నట్టు అనేవాడు, ఆమె వినేది. ఆ రోజు ఆయన తిరిగి ఆమె ముఖంలోకి చూసి, "అమ్మా, తెలుసేటి ఆడికి?" అన్నాడు.

"తెలుసు మావా."

"మరి నన్నెందుకు అననిచ్చినాడు అన్ని మాటలు?"

వదిన కుడిచెయ్యి పైట కిందికి లాక్కుంది. నాన్న ఆమె కుడిచేతివైపు చూస్తూ, "నీ సెయ్యి ఇరగ్గొట్టినోణ్ణి నానమ్మా. ఆడు కాడు" అన్నాడు. వదినే లేచి చెంబుతో నీళ్ళు తెచ్చి ఆయన ముందు పెట్టింది. "కడుక్కోండి మావా. జిడ్డు అంటుకున్నాది" అంది.

ఆ పూట ఆయన తిననంటాడేమోనని భయపడ్డాను. తిన్నాడు, కొద్దిగానే అయినా. ఎడ్లబండి రోజుల్లో మా ఇంట్లో తప్పు ఏదైనా శబ్దం చేసేది. చక్రం కీచుమనేది, అమ్మ అరిచేది, నాన్న వీధిలోకి పరిగెత్తేవాడు, పొద్దుగూకేసరికి బాగుపడేది. ఇప్పటి బండి నోరెత్తకుండా లోపల్లోపలే అరిగిపోతుంది. మా అన్నయ్యా అంతే చేశాడు. అది మంచితనమో కాదో నాకు ఇప్పటికీ తేలడం లేదు. వాడు చెప్పి ఉంటే నాన్న అప్పుడే తట్టుకునేవాడేమో, వాడు ఇంకొన్నాళ్ళు బతికేవాడేమో. ఆ కోపం వాడి మీద నాకు ఉంది, ఉంటుంది.

మర్నాడు పొద్దున్న నేను బయల్దేరుతుంటే నాన్న ఉతికిన పంచె కట్టుకుని వచ్చి కారెక్కి కూర్చున్నాడు. "గేటు కాడికి తోలు" అన్నాడు. టీ కొట్టు ముందు ఆపాను. బల్ల మీద ఎప్పుడూ ఉండే మనుషులే ఉన్నారు. పెద్దాయనకి చోటిచ్చి, టీ చెప్పారు. ఆయన కూర్చోలేదు. కర్ర ఆన్చి నిలబడే, "ఒరే, అందరూ ఇనండి" అన్నాడు. "ఆ ఏడు వానల్లో మా బండి కాలవలో పడ్డాది కదా. మావోడు జోరుగా తోలినాడని ఇక్కడే కూకుని మీకందరికీ సెప్పినాను. అది అబద్దం. ఆడు బాగానే తోలినాడు. గ్రీజు పెట్టి పెట్టి సక్రాన్ని పాడుసేసింది నాను."

టీ కొట్టతను గ్లాసు అందిస్తూ, మెల్లిగా అన్నాడు. "ఇప్పుడెందుకులే తాతా అయన్నీ. అప్పన్న పోనాడు కదా."

"అందుకే సెప్తన్నానురా" అన్నాడు నాన్న. "ఉన్నన్నాళ్ళూ ఆడు సెప్పుకోనేదు. ఇప్పుడు సెప్పుకోడానికి ఆడు నేడు."